గుడివాడ నుంచి ఎదురుమొండి లంకకు, ఒక్క పేరు అడగడానికి

కృష్ణ సముద్రంలో కలిసే చోట ఉన్న లంకలకు వెళ్లాలని నాకు నేనుగా ఎప్పుడూ అనిపించలేదు. ఆ దారి పట్టించింది మా ఆవిడ తమ్ముడి కూతురు శ్రావణి. విశాఖపట్నంలో మనస్తత్వశాస్త్రం మీద పరిశోధన చేస్తోంది. ఒకే ప్రశ్నల పట్టికతో అనేక దేశాల్లో మనుషుల ఒంటరితనాన్ని కొలిచి, ఎక్కడ ఎంత ఉందో పోల్చి చూసే పని అది. ఇంగ్లీషులో తయారైన ప్రశ్నల్ని ఒకరు తెలుగు చేస్తారు. ఆ ఇంగ్లీషును ఎన్నడూ చూడని ఇంకొకరు ఆ తెలుగును మళ్లీ ఇంగ్లీషు చేస్తారు. రెండు ఇంగ్లీషులూ పక్కపక్కన పెట్టి తేడా ఎక్కడొచ్చిందో వెతుకుతారు. బతుకంతా గుడివాడ ప్రెస్సుల్లో శుభలేఖలకీ, సినిమా కరపత్రాలకీ, ఎన్నికల వాగ్దానాలకీ ప్రూఫులు దిద్దినవాణ్ణి కనక ఈ పద్ధతి నాకు తెగ నచ్చింది. వాగ్దానాలకి కూడా ఇలా వెనక్కి తిప్పి చూసే ఏర్పాటు ఒకటి ఉంటే నా కళ్లజోడు ఇంత మందం అయ్యేది కాదు.

"తెలుగు బానే ఉంది మావయ్యా, మనుషులకి ఎక్కుతుందో లేదో తెలియట్లేదు. మూడు రకాల ఊళ్లలో ముగ్గుర్ని అడిగి చూస్తారా?" అంది ఫోన్లో. నేనే ఎందుకన్నాను. "మీరు ఎవరితోనైనా మాట కలిపేస్తారు కదా. ఖాళీగా కూడా ఉన్నారు" అంది. మొదటి కారణం నా గురించి, రెండోది మా ఆవిడ పోయాక నా రోజుల గురించి. రెండూ నిజమే. పట్టికలో ఆమెకు అనుమానమున్నది పదకొండో ప్రశ్న మీద. "మీ కష్టసుఖాలు మనసు విప్పి చెప్పుకోగల ఒక్కరి పేరు చెప్పండి." పేరు చెబితే ఒక మార్కు, చెప్పలేకపోతే సున్నా. ఆ ప్రశ్న ఉంచాలో తీసెయ్యాలో నేను వెళ్లొచ్చిన మర్నాడు పొద్దున్న వాళ్ల ప్రొఫెసర్లకు చెప్పాలి. నేను చూసొచ్చి ఏమంటే అదే చెప్తానంది. గుడివాడలో నా మాట మీద ఆఖరిసారి ఏదైనా ఆగింది ఎప్పుడో గుర్తులేదు. సరేనన్నాను.

గుడివాడ బస్టాండులో పొద్దున ఆరున్నర ప్రాంతంలో మచిలీపట్నం బస్సు ఎక్కితే గుడ్లవల్లేరు, పెడన మీదుగా గంటా గంటంబావులో దిగిపోవచ్చు. కిటికీ ఎడమ పక్కన దొరికితే మంచిది, ఎండ తర్వాత ముఖాన పడినా చేల మీద మంచు విడిపోవడం కనిపిస్తుంది. నా పక్కన కూర్చున్నాయన ముదినేపల్లి వైపు చేపల చెరువుల రైతు, ప్రసాదరావు గారు. పెడన బంధువుల ఇంట్లో శుభకార్యానికి వెళ్తున్నారు. మాట కలిపి పట్టిక తీశాను. "నన్ను బయట వదిలేశారని అనిపిస్తుంది" అనే వాక్యం చదివి, ఇలా మీకు తరచుగా అనిపిస్తుందా, ఎప్పుడైనానా అని అడిగాను.

"ఎవరు వదిలేశారండీ?"

"ఎవరైనా. జనం."

"ఏ స్టాపులో?" అన్నారాయన. వెనక సీటు నవ్వింది. ఆయన నవ్వలేదు. పదకొండో ప్రశ్నకి మాత్రం ఆలోచించకుండా, "మా చెరువు కాపలా మనిషి. పేరు అంకయ్య. రోజూ సాయంత్రం గట్టు మీద కూర్చుని అన్నీ చెప్తానండి" అన్నారు. ఆయనేమంటాడని అడిగాను. "ఏమంటాడు? ఆయనకి చెవుడు." మార్కు వేశాను. వేసిన చేతిని కాసేపు చూసుకున్నాను.

బందరులో దిగాక ఆటోలో చిలకలపూడి వెళ్లాను. రోల్డు గోల్డు నగలు చేసే ఇళ్లు వరసగా ఉండే పేట అది. తెలిసిన ప్రెస్సాయన బావమరిది సుబ్రహ్మణ్యం గారు గాజులకు మెరుగు పెడుతూ కూర్చున్నారు. నెమ్మదస్తుడు. ప్రతి ప్రశ్నకీ ముందు, "మిగతావాళ్లు ఏం చెప్పారండీ?" అని అడిగేవారు. చెప్పకూడదండీ అన్నాను. "పోనీ, ఎక్కువమంది ఏది చెప్తారు?" అదీ చెప్పకూడదన్నాను. "అయితే మధ్యలోది వేసుకోండి, ఎవరికీ ఇబ్బంది ఉండదు" అన్నారు. అన్ని ప్రశ్నలకీ మధ్యలోదే. పదకొండో దానికి గొంతు కొంచెం పెంచి, "మా ఆవిడ పేరు రాయండి, భ్రమరాంబ" అన్నారు.

"నాకెప్పుడు చెప్పారు?" అని లోపల్నుంచి వినిపించింది.

"రాసేయండి, రాసేయండి" అన్నారాయన మెరుగు రాయి మీదకు వంగి.

ఇక్కడ కాస్త దారి తప్పుతాను, ఓర్చుకోండి. అంగుళమనేది ఎక్కడైనా అంగుళమే. బందరులో కొలిచిన గాజు హైదరాబాదులో వదులైపోదు. మనసును కొలిచేవాళ్ల కష్టం అక్కడే ఉంది. ఒక దేశంలో పది మందిలో ఉండి కూడా నాకెవరూ లేరనడం నిజాయితీ. ఇంకొక చోట అదే మాట ఆ పది మందినీ తిట్టడం. ఇద్దరి బాధా ఒకటే కావచ్చు, అంకెలు మాత్రం చెరో మూలా పడతాయి. ఈ సంగతి శ్రావణికి బాగా తెలుసు. నాకు మాత్రం ఆ పొద్దుటికి ఆమె చెప్పగా విన్న మేరకే తెలుసు.

మచిలీపట్నం నుంచి అవనిగడ్డ బస్సు చల్లపల్లి, మోపిదేవి మీదుగా వెళ్తుంది. రెండు బస్సుల టిక్కెట్లూ కలిపి రెండు వందల లోపే. మోపిదేవిలో సగం బస్సు దర్శనానికి దిగిపోయింది. పిల్లలకు పుట్టువెంట్రుకలు తీయించే కుటుంబాలు, బుట్టలు, పాల సీసాలు, ఒకరినొకరు పిలుచుకునే కేకలు. వాళ్లు దిగాక బస్సులో నిశ్శబ్దం సీటు తీసుకుని కూర్చుంది. అవనిగడ్డలో భోజనం హోటల్లోకి వెళ్తే వడ్డించేవాడు ఆకు చేత్తో పట్టుకుని, "ఒక్కరేనా అండీ?" అని అడిగాడు. శ్రావణి పట్టికలో ఇరవై ప్రశ్నలున్నాయి, ఈ ఒక్కటీ లేదు. గోంగూర బాగుంది. ఎదురు కుర్చీలో నా సంచి కూర్చుంది.

అక్కణ్నుంచి నాగాయలంక మీదుగా ఏటిమొగ రేవుకు ఆటో మాట్లాడుకోవాలి. షేరు ఆటోలు ఉంటాయి గానీ మధ్యాహ్నం పూట తక్కువ. రానూపోనూ ఎనిమిది వందలకు ఒప్పుకున్న నాగేశ్వరరావుది రేవు అవతల ఎదురుమొండి లంకే.

"ఏం పని మీద బాబాయ్? చెరువులు చూడ్డానికా?"

"మనుషుల్ని ఒంటరితనం గురించి అడగాలి."

"పింఛనేమైనా ఇస్తారా?"

"ఇవ్వరు."

"మరెందుకు సెప్తారు?" అన్నాడు. కాసేపు నడిపి, తనే, "మా వీధిలో నాంచారమ్మత్తని అడుగుదాం. మా మావ పోయి రెండేళ్లయింది. కానీ బాబాయ్, మా దగ్గర ఒక్క మనిషిని అడగాలంటే వీధిని అడగాలి. అది గుర్తు పెట్టుకో" అన్నాడు. గుర్తు పెట్టుకున్నాను. అర్థం చేసుకోలేదు. నాంచారమ్మ అన్న పేరు ఈ తీరంలో వీధికి ఇద్దరికి ఉంటుంది కనక ఇక్కడ రాస్తున్నాను, ఊరు మాత్రం చెప్పను.

ఏటిమొగలో మనుషుల్నీ, మోటారు సైకిళ్లనీ, ఆటోలనీ కలిపి దాటించే పంటు ఉంటుంది. నీళ్లు అక్కడ ఏటివా, సముద్రానివా అన్నది పోటును బట్టి ఉంటుంది. అవతల ఒడ్డున మడ చెట్లు, వాటి వేళ్ల మధ్య బురద, బురద మీద కొంగలు. దిగిన చోటు నుంచి నాగేశ్వరరావు వీధికి నడిచినా పది నిమిషాలే.

నాంచారమ్మ గారు ఇంటి ముందు పట్టా పరిచి ఎండు రొయ్యలు ఏరుతున్నారు. అరవై దాటి ఉంటాయి. నాకు ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది, మంచినీళ్లు వచ్చాయి, వాటి వెనకే వీధిలోని ఆడవాళ్లందరూ వచ్చారు. పట్టిక నియమం ప్రకారం ఎవరూ లేని చోట అడగాలి. "కాస్త లోపల కూర్చుని మాట్లాడుకుందామా అమ్మా?" అన్నాను. కుడి చేతి ఇంటావిడ కోటేశ్వరి వెంటనే, "లోపలెందుకండీ? దాసుకోవాల్సిన మాటలా?" అంది. ఆ వీధిలో తలుపు వేసుకుని మాట్లాడేది సంబంధం చెడినప్పుడూ, పంచాయితీకి ముందూ మాత్రమేనట. సరే, అక్కడే మొదలుపెట్టాను.

జవాబులు వీధి చెప్పింది. మీకు తోడు లేదనిపిస్తుందా అని అడిగితే, ఎడమ ఇంటి తులసమ్మ, "ఎందుకనిపిస్తాది? మేం సచ్చిపోయామా?" అంది. అందరూ నవ్వారు. నాంచారమ్మ గారూ నవ్వి, "ఈళ్లుండగా నాకేం లోటండి" అన్నారు. నాంచారమ్మ గారి రొయ్యల్ని తమవాటితో కలిపి సంతకు పట్టుకెళ్లి అమ్మేది తులసమ్మ పెనిమిటి. జ్వరం వస్తే అవనిగడ్డ ఆసుపత్రికి తీసుకెళ్లి, వచ్చాక రాత్రుళ్లు పక్కన పడుకున్నది కోటేశ్వరి. తులసమ్మ తన సాయం చెబుతుంటే కోటేశ్వరి మధ్యలో సవరించింది, కోటేశ్వరి చెబుతుంటే తులసమ్మ సవరించింది. "ఆసుపత్రికి తీసుకెళ్లింది నువ్వే, ఆటో పిలిసింది ఎవరు?" "ఆటో పిలిస్తే జొరం తగ్గిపోద్దా?" నేను చక్కగా వింటూ కూర్చున్నాను. బాగుంది, కబుర్లు ఊరుతున్నాయి అనుకున్నాను.

ఆ ఊపులోనే పదకొండో ప్రశ్న గట్టిగా, విరామాలు పాటిస్తూ చదివాను. నాంచారమ్మ గారు, "ఇద్దరి పేర్లు రాసుకోండి" అన్నారు. "ఒక్కటే చెప్పాలమ్మా. రూలు అది" అన్నాను.

కోటేశ్వరి వేళ్ల మధ్య రొయ్య అలాగే ఆగిపోయింది. తులసమ్మ కొంగు సర్దుకుని వీధి చివరకు చూసింది. నా బుర్రకు అప్పుడు ఎక్కింది. ఒక పేరు పైకి చెబితే రెండో ఇంటి తలుపు మూసుకుంటుంది. వెంటనే కాదు, మెల్లగా. కూర గిన్నె రావడం తగ్గుతుంది, రొయ్యల మూట ఈసారికి చోటు లేదంటారు. ఆవిడ రోజులు ఆ రెండు తలుపుల మధ్యే నడుస్తున్నాయి. నేను మధ్యలో కుర్చీ వేసుకుని ఒక తలుపు ఎంచుకోమంటున్నాను.

"పోనీలెండి, ఇది వదిలేద్దాం" అన్నాను.

"వదిలెయ్యడమేంటండి" అంది తులసమ్మ. "సెప్పనీయండి. మా పిన్ని ఎవర్ని తలుసుకుంటాదో మేమూ వింటాం."

"ఔనత్తా, సెప్పు" అంది కోటేశ్వరి. ఆ ఇద్దరూ ఒక మాట మీద నిలబడింది బహుశా ఆ రోజుకి అదొక్కసారే.

నాంచారమ్మ గారు ఒళ్లో రాలిన రొయ్య పొట్టు దులుపుకున్నారు. నా వైపు చూసి, "మీ పేరే రాసుకోండి బాబుగారూ" అన్నారు.

"నా పేరా?"

"కష్టసుఖాలు ఎవరికి సెప్పుకుంటావని అడిగారు. ఇందాకట్నుంచి సెప్పుకుంటన్నది మీకే కదండీ. ఇంకెవరి పేరు సెప్పను?"

వీధి ఘొల్లుమంది. "అమ్మో పిన్ని, ఏకంగా గుడివాడ మనిషిని పట్టేసింది" అని తులసమ్మ, "రేపట్నుంచి కూర గుడివాడ నుంచి వస్తాదిలే" అని కోటేశ్వరి. రొయ్యలు ఏరడం మళ్లీ మొదలైంది. నాకు టీ వచ్చింది. రెండిళ్ల నుంచీ వచ్చింది, రెండూ తాగాను. ఈసారి ఆ మాత్రం తెలివి ఉంది నాకు.

ఎండ వాలాక బయల్దేరాను. నాగేశ్వరరావు ఇంటికెళ్లి ఆటోతో రేవుకు వస్తానన్నాడు. నాంచారమ్మ గారు, "రేవు దాకా నేనూ వస్తాను" అని చెప్పులేసుకున్నారు. దారిలో ఎవరూ మాతో రాలేదు. రేవులో నిలబడ్డాక అన్నాను, "ఇందాక వాళ్ల ముందు తప్పించుకోడానికి నా పేరు చెప్పారు. ఆ సమయానికి అదే మంచిది. ఇప్పుడు ఊరికే అడుగుతున్నాను, రాయను."

"తప్పించుకోడానికేనండి" అన్నారావిడ. "సెప్పాక చూస్తే అదే నిజమనిపించింది. వాళ్లకి సెప్తే నా బాధ వాళ్ల పొయ్యి మీదకి ఎక్కుద్ది. పొద్దున్నే మొకం చూసి, అత్త రాత్రి నిద్రపోలేదు అంటారు. మంచోళ్లండి, అందుకే సెప్పలేను. మీరైతే పంటెక్కి ఎల్లిపోతారు."

అవతలి ఒడ్డున పంటు కదిలింది. దాన్ని చూస్తూనే చెప్పారు. ఆమె భర్త వేట నుంచి వచ్చి పడవ రేవుకు చేరకముందే పేరు పెట్టి అరిచేవాడట. నాంచారీ, అని. బుట్ట పట్టుకురమ్మని. "ఊరంతా వినేలాగా ఆ పిలుపేంటని తిట్టేదాన్ని. సిగ్గనిపించేది. ఇప్పుడు అత్తా అంటారు, పిన్నీ అంటారు, పిల్లలైతే మామ్మా అంటారు. నోరారా పిలుస్తారు. పేరు పెట్టి పిలిసే మనిషి లేడండి. మా అమ్మానాన్నా ఎప్పుడో పోయారు. అన్నదమ్ములు లేరు. ఆ పేరు ఉందో లేదో నాకే తెలవట్లేదు."

నేనేమైనా అనాలి. ఆ పేరే ఒకసారి పలకాలనిపించింది. మా వైపు నా వయసు మగవాడు పరాయి ఆడమనిషిని అమ్మా అనో, గారు చేర్చో పిలవాలి. ఉత్త పేరు నా నోట వస్తే అది పిలుపు అవదు, అమర్యాద అవుతుంది. పంటు వచ్చి ఆనింది. వెనక నాగేశ్వరరావు హారన్ కొట్టాడు. "వెళ్లొస్తానమ్మా" అన్నాను.

"రాకపోయినా పర్లేదండి. సెప్పేశాను కదా" అన్నారు. పంటు సగం దూరం వెళ్లేసరికి ఆవిడ వెనక్కి తిరిగి నడుస్తున్నారు, తొందర తొందరగా, పట్టా మీద రొయ్యలు తియ్యాలి మరి.

అవనిగడ్డ నుంచి వెనక్కి మచిలీపట్నం వెళ్లక్కర్లేదు, చల్లపల్లి, పామర్రు మీదుగా గుడివాడ చేరవచ్చు. బస్సులో శ్రావణి ఫోన్ చేసింది. జరిగినదంతా చెప్పాను, రేవులో మాటలు వివరంగా చెప్పలేదు, పేరు పెట్టి పిలిచేవాళ్లు లేరన్నారని మాత్రం చెప్పాను.

"అడిగేవాళ్ల పేరు లెక్కలోకి రాదు మావయ్యా. సున్నా వెయ్యాలి."

"సున్నాయే వెయ్యి. అంకె సరైనదే, తప్పు దారిలో వచ్చింది. ఆ ప్రశ్న మాత్రం తీసెయ్యి. రూలు కోసం ఆవిడ చేత పేరు చెప్పించి ఉంటే, మనం ఒంటరితనాన్ని కొలవడానికి వెళ్లి కొత్తది ఒకటి తయారుచేసి వచ్చేవాళ్లం."

కాసేపు ఏదో రాసుకున్న చప్పుడు. "దాని బదులు, మిమ్మల్ని పేరు పెట్టి పిలిచేవాళ్లున్నారా అని అడిగితే?"

"నాంచారమ్మ గారికి సరిపోతుంది. మీ అత్తయ్య నలభై ఏళ్లలో నన్ను ఒక్కసారీ పేరు పెట్టి పిలవలేదు. ఏమండీ అనేది. నీ కొత్త ప్రశ్న ప్రకారం నేను పెళ్లినాటి నుంచీ ఒంటరివాణ్ణే."

నవ్వింది. నవ్వడం ఆపి, "మీరూ ఒకసారి ఆ పట్టిక నింపండి మావయ్యా. పదకొండో దానికి ఏం రాస్తారు?" అంది.

చల్లపల్లి దగ్గర సిగ్నల్ సరిగా ఉండదమ్మా అని పెట్టేశాను. చల్లపల్లిలో సిగ్నల్ శుభ్రంగా ఉంటుంది.

గుడివాడలో దిగి మెస్సుకు వెళ్లి, నలభై మంది మధ్య అన్నం తిన్నాను. రోజూ ఎంతమందితో కలిసి భోంచేస్తారన్న ప్రశ్న కూడా ఆ పట్టికలో ఉంది. దానికి జిల్లా మొత్తంలో నన్ను మించినవాడు ఉండడు. పక్కవాళ్లకి రసం అందిస్తూ ఆలోచించాను. ఎవరైనా ఎక్కడైనా కుర్చీ వేసుకుని ఒక్క పేరు చెప్పమని అడిగితే, నా పేరు చెప్పేవాళ్లు ఈ భూమ్మీద ఎవరుంటారు? నిన్నటిదాకా ఎవరూ లేరు. ఈ రోజు ఒకరు చెప్పారు. నేను మళ్లీ రానన్న ధైర్యంతో చెప్పారు. ఆ మాట నిలబెట్టాలంటే నేను మళ్లీ అటు వెళ్లకూడదు, వెళ్తే ఆవిడకి నేనూ పొయ్యి దాకా వచ్చే మనిషినైపోతాను. ఒకరికి ఆప్తుడిగా ఉండటానికి దూరంగా ఉండిపోవడమే పని అయినప్పుడు, దాన్ని తోడు కింద రాయాలో లేమి కింద రాయాలో ఏ దేశం పట్టికలోనూ గడి కనపడలేదు నాకు. చెయ్యి కడుక్కుని ఇంటికి నడిచాను.

వెళ్లదలచినవారికి ఒక్క సూచన. ఏటిమొగ పంటు చీకటి పడితే తిరగదు, పోటును బట్టి వేళలూ మారతాయి. దిగగానే ఆఖరిది ఎప్పుడో అక్కడివాళ్లను అడిగి, దానికి ముందుదానికే రేవులో ఉండేలా బయల్దేరండి. ఒడ్డున ఎవరైనా మీతో మాట మొదలుపెడితే, ఒక పంటు వదులుకోవడానికి వీలుంటుంది.